ఒత్తులు లేని చీకటి

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నా రాత నెమ్మది. అరవై ఒకటో ఏట పలక పట్టినదాన్ని. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాకు ఒక చలికాలం మొత్తం పట్టింది. మీరు టీ చల్లారేలోపు చదివేస్తారని తెలుసు, అయినా తొందరపడలేదు. ఎక్కడైనా ఒత్తు జారిపోయి ఉంటే కోప్పడకండి. అక్షరం కింద వెతకండి, ఆ చుట్టుపక్కలే పడి ఉంటుంది.

ఒత్తు సంగతి మొదటే ఎందుకు ఎత్తానంటే, జరిగిందంతా దాని గురించే.

మాది గోదావరి పాయల మధ్య ఒక లంక. పేరు పుల్లేటిలంక. ఊళ్ళో తుఫానుకి తలదాచుకునే పెద్ద భవనం ఒకటుంది. తుఫాను లేని రోజుల్లో అందులో కొబ్బరికాయలు పోస్తారు. రెండేళ్ళ కిందట, వయసు మీరినవాళ్ళకి చదువు చెప్పే సంస్థ ఒకటి ఆ కొబ్బరికాయల్ని ఓ మూలకి జరిపించి, చాపలు పరిచి, నల్లబల్ల తగిలించింది. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. చాలా పొడుగు, అందులో ఏడు ఒత్తులున్నాయి.

మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా చదువు. పదకొండు మంది ఆడవాళ్ళం. రోజూ ఏటికి అవతల నుంచి పడవ మీద వచ్చి చెప్పే పంతులమ్మ పేరు హైమ. నా పక్కన కూర్చునేది నా తోడికోడలు నూకాలు. నా మరిది పెళ్ళాం. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది, నోరు నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దది.

మొదటి రోజు హైమ పేర్లు రాసుకుంటూ నా దగ్గర ఆగింది.

"భర్త పేరు?"

మా తరం ఆడవాళ్ళం ఆయన పేరు నోటితో అనం. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, అయినా అనలేదు. నేను తల వంచుకున్నాను.

"అప్పన్నండి. మా బావగారు," అంది నూకాలు.

"మీరే చెప్పొచ్చుగా పల్లాలమ్మగారూ?"

"నోటితో అననండి. రాయడం నేర్పండి, రాసి చూపిస్తాను. అడ్డం నోటికే గానీ చేతికి లేదు కదా."

హైమ నవ్వి, "అయితే మీకు ఓ పని దొరికింది," అంది.

పని దొరికింది కానీ చిన్నది కాదు. ఏడాది తిరిగేసరికి అచ్చులు, హల్లులు, గుణింతాలు వచ్చాయి. ఒత్తులు మాత్రం పాఠాల పుస్తకంలో ముప్పై ఒకటో పేజీలో ఉన్నాయి. మేమింకా ఇరవై ఎనిమిదిలో ఉన్నాం. ఒత్తులు లేకుండా నా పేరు రాస్తే "గుతుల పలాలమ" అని వచ్చేది. ఆయన పేరు రాస్తే "అపన". అపన అంటే ఏదో చేప పేరులా ఉంది. అంత మనిషిని పట్టుకుని అలా రాయడానికి చెయ్యి రాక, హాజరు పట్టీలో తప్పనిసరై రాసింది తప్ప, చెరిపేసేదాన్ని.

నూకాలు పేరుకి ఒత్తే లేదు. గుణింతాలు రాగానే గోడల మీద, కొబ్బరి డొక్కల మీద, మా దూడ మెడలో కట్టిన చెక్క మీద కూడా రాసేసింది. "నా పేరు కింద బరువేం లేదక్కా. తేలిపోద్ది," అనేది. ఇంటిపేరు మాత్రం ఇద్దరిదీ ఒకటే కాబట్టి అక్కడ ఇద్దరం సమానంగా తప్పు.

ఇలా ఉండగా సంస్థవారికి కొత్త పుస్తకాలు కొనాలని బుద్ధి పుట్టింది. దానికి ఓ నిబంధన పెట్టుకున్నారు. హైమ మాకు చదివి వినిపించింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, వయోజన అభ్యాసకులకు సరఫరా చేయు గ్రంథములు పెద్దలకు ఉద్దేశించినవై యుండవలెను. ఆ విషయము గ్రంథపు అట్టపై స్పష్టముగా ముద్రింపబడి యుండవలెను."

మంచి నిబంధనే. పిల్లల పుస్తకాలు తెచ్చి మా మొహాన కొట్టకూడదని ఎవరో పుణ్యాత్ముడు రాసి ఉంటాడు. కానీ వెతగ్గా వెతగ్గా, పెద్దలకని అట్ట మీద అచ్చేసుకునే పుస్తకాలు లోకంలో ఒక్క రకమే దొరికాయట. ఈమధ్య పట్నాల్లో వాటికి మహా గిరాకీ. చిన్నప్పుడు అమ్మమ్మలు చెప్పిన కథలనే తీసుకుని, చీకటి చేసి, నెత్తురు పోసి, పెద్ద పెద్ద బొమ్మలతో అచ్చేస్తారు. పెద్దయినవాళ్ళు వాటిని కొనుక్కుని భయపడతారు.

పెట్టె వచ్చింది. నూకాలు కొడవలితో తాడు కోసింది. నల్ల అట్ట, దాని మీద ఎర్ర అక్షరాలు. ఆవిడే కూడబలుక్కుంది.

"పె... ద... ల... కు... మా... త... మే. పెదలకు మాతమే."

"పేదలకి మాత్రమేనా? అయితే మనకే," అంది వెనక నుంచి ఒకావిడ. అందరం తలా ఒకటి తీసుకున్నాం.

హైమ మొహం మాత్రం ఎర్రబడింది. "పేదలకి కాదండీ, పెద్దలకి. అలా రాస్తే లోపల ఇంకో రకంగా ఉంటుందని..."

"ఏ రకంగా ఉంటాదండి?"

"ముందు నేను చూస్తాను, ఆగండి."

అటు తిరిగి నిలబడి రెండు వందల పన్నెండు పేజీలూ తిప్పి చూసి, హమ్మయ్య అనుకుంది. "ఏం లేదు. చీకటే," అంది.

పుస్తకం పేరు "పాకం: అంధకార గాథ". ఒక్క ఒత్తూ లేదు. పదకొండు మందిమీ గడగడా చదివేశాం. ఆ మధ్యాహ్నం మేం పడ్డ సంబరం ఇంతా అంతా కాదు.

తీరా చూస్తే ఆ కథ నాకు తెలిసిందే. మా అమ్మ చెప్పేది. ఒక ముసలమ్మ అడవి అంచున గుడిసెలో అరిసెలు వండుకుంటూ ఉంటుంది. పులి వచ్చి "నిన్ను తింటా" నంటుంది. "తిందువుగానీలే, పాకం ముదిరిపోతుంది, ఈ వాయి దిగేదాకా కూర్చో," అంటుంది ముసలమ్మ. పులి కూర్చుంటుంది. వాసనకి ఆగలేక ఒక అరిసె అడుగుతుంది. వేడి వేడి అరిసె నోట్లో పెట్టుకోగానే బెల్లం పాకం కోరలకి అతుక్కుని నోరు మూసుకుపోతుంది. తిందామంటే నోరు రాదు, గర్జిద్దామంటే "మ్‌మ్‌మ్" అని తప్ప రాదు. ముసలమ్మ గోరువెచ్చటి నీళ్ళు పట్టి విడిపిస్తుంది. అప్పటి నుంచి పులి ఏటా ఒకసారి వచ్చి, వాకిట్లో దూరంగా కూర్చుని, మర్యాదగా "మ్‌మ్" అంటుంది. ముసలమ్మ రెండరిసెలు విసురుతుంది. అంతే కథ.

పుస్తకంలో అలా లేదు. పొయ్యి లేదు, వెన్నెల లేదు. ముసలమ్మ చీకట్లో ఒక్కతే అరవై పేజీలు కూర్చుంటుంది. తర్వాత అరవై పేజీలు పులి కళ్ళు. చివర్లో పులే ముసలమ్మ, ముసలమ్మే పులి. మొత్తం పుస్తకంలో ముప్పై ఒక్క మాటలున్నాయి. వాటిలో ఇరవై రెండు "గ్ర్ర్ర్".

"ఈ గ కింద ఇన్ని కొక్కేలేంటండి?" అని అడిగాను.

"అవే ఒత్తులు," అంది హైమ. "మనం ఇంకా ఆ పాఠానికి రాలేదు. దాన్ని వదిలేసి చదవండి."

వదిలేస్తే మిగిలింది తొమ్మిది మాటలు. నూకాలు తమలపాకు నమిలేలోపు పుస్తకం అయిపోయింది. ఆవిడకి కథ మీద అభ్యంతరం లేదు, బొమ్మ మీదే. "ఇదిగో అక్కా, అరిసె చూడు. నూనెలోంచి తీసి చెక్కల మధ్య ఒత్తనేలేదు. అలాగే కారతంది. ఒత్తని అరిసె తింటే పులికైనా పైత్యమే."

పేజీల నలుపు వేళ్ళకి అంటింది. ఆవిడ దాంతోనే కాటుక పెట్టుకుని ఇంటికెళ్ళింది.

ఇక్కడ హైమ ఒక నిజం చెప్పింది. అదే కొంప ముంచింది. రోజువారీ పట్టికలో "చదివిన పేజీలు" అనే గడి ఉంటుంది. మామూలుగా సున్నా, మహా అయితే మనిషికి అర పేజీ అని రాసేది. ఆ రోజు మనిషికి రెండు వందల పన్నెండు, మొత్తం రెండు వేల మూడు వందల ముప్పై రెండు అని రాసింది.

నాలుగో రోజున పడవ దిగి సాక్షాత్తూ ప్రాంతీయ సంచాలకులు కోదండపాణి గారే వచ్చారు. వెనక నల్ల చీర, నల్ల జాకెట్టు, నల్ల బొట్టుతో ఓ సన్నటి అమ్మాయి. ఆవిడ పేరు నిశిత. ఈ చిత్రకథల సలహాదారట. రోహిణీ కార్తె ఎండలో ఆ నల్లబట్టలు చూసి మా వాళ్ళు ముందు మజ్జిగ ఇచ్చారు.

కోదండపాణి గారు గొంతు సవరించుకున్నారు. "గౌరవనీయ అభ్యాసకురాళ్ళారా! అక్షరాస్యతా చరిత్రలో మీరొక మైలురాయిగా పరిణమించియున్నారు. గత సంవత్సరము మొత్తము మీద మీరు పఠించిన పుటలు మూడువందల ఎనిమిది. మొన్న ఒక్క మధ్యాహ్నమున రెండువేల పైచిలుకు. దీనిని ఏమందురు?"

"బొమ్మలండి," అంది నూకాలు.

"విప్లవమందురు!" అన్నారాయన.

అప్పటికప్పుడు ఆజ్ఞ వేశారు. పాత పాఠాల పుస్తకాలు వెనక్కి ఇచ్చేయాలి. అవి ప్రగతికి ఆటంకం. ఇక అంధకార గాథలే పాఠాలు.

ముప్పై ఒకటో పేజీ వాటిలోనే ఉంది. లేచి నిలబడ్డాను.

"అయ్యా, మరి ఒత్తులండి?"

"ఏ ఒత్తులు?"

"అక్షరం కింద పెడతారు కదండి. అవి రాకపోతే నా పేరు రాదు. మా... ఆయన పేరూ రాదు."

ఆయన కాగితాలు తిరగేశారు. "ఒత్తులు ఈ సంవత్సరపు లక్ష్యములలో లేవమ్మా. అయినా మా విధానమేమో తెలియునా? ఒత్తిడి లేని విద్య. ఒత్తే లేనిచోట ఒత్తిడి ఎక్కడిది?"

ఆయనతో పడవలో వచ్చిన ఉద్యోగులు చప్పట్లు కొట్టారు. మర్నాటికి అది నినాదమై భవనం గోడకెక్కింది.

పుస్తకాలు పోగుచేసినప్పుడు పది వచ్చాయి. పదకొండోది ఎలక కొట్టేసిందని చెప్పాను. అది మా బియ్యం డబ్బా అడుగున ఉంది. ఆ అబద్ధానికి కూడా మన్నించమని అడుగుతున్నాను.

అక్కడి నుంచి అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

ముందు, అట్ట మీద పెద్దలకు మాత్రమే అని ఉంది కాబట్టి చదివేవాళ్ళు పెద్దలేనని రుజువు కావాలన్నారు. తొమ్మిది మంది మనవల్ని ఎత్తినదాన్ని, పద్దెనిమిదేళ్ళు నిండాయని పత్రం తెచ్చి ఇచ్చాను. తర్వాత, పిల్లలెవరూ కిటికీల్లోంచి తొంగి చూడకూడదని భవనం కిటికీలన్నిటికీ నల్ల పరదాలు కొట్టించారు.

"వెలుతురు రావట్లేదండి, ఎలా చదివేది?" అంది హైమ.

"పుస్తకములోను చీకటియే గదా," అన్నారు కోదండపాణి గారు. "వాతావరణము అనుగుణముగా ఉన్నది."

తర్వాత నిశితగారు మా కథల కోసం వచ్చింది. మంచి పిల్లే. కిందే, చాప మీద కూర్చుంది. చేతిలో తెలుపు నుంచి నలుపు దాకా పది గళ్ళున్న అట్టముక్క. కథ ఎంత చీకటిగా ఉందో దాంతో కొలుస్తుందట. నన్ను పులి కథ చెప్పమంది. మా అమ్మ చెప్పినట్టే చెప్పాను. మధ్యలో ఆపింది.

"అమ్మా, ఇందులో ముసలమ్మ ఒంటరితనం గురించి చెప్పరేం?"

"ఒంటరి ఎక్కడండి? పులి ఉందిగా."

"అంటే... పులి దేనికి గుర్తు?"

"పులికేనండి."

"మరి పాకం?"

"అది ముదిరితే గట్టిపడద్దండి. లేతదైతే అరిసె విడిపోద్ది. దానికి గుర్తులేం లేవు, చేత్తో చూసుకోవడమే."

నిశితగారు అట్టముక్క వైపు చూసి, జాలిగా, "ఒకటో గడి," అంది. ఒకటో గడి తెలుపు. వారం తిరగ్గానే ఉత్తర్వు వచ్చింది: "లబ్ధిదారులు తమ గృహములందు పిల్లలకు చెప్పు కథలలో అంధకారము కనీసము ఆరవ గడికి తగ్గకుండునట్లు చూచుకొనవలెను."

మా మనవరాలు ఆ రాత్రి... కాదు, రాత్రి అంటే వాళ్ళు నలుపు లెక్కేస్తారు, సాయంత్రం అనుకోండి, కథ చెప్పమంది. ఉత్తర్వు ప్రకారం చెప్పాను. "చీకట్లో ముసలమ్మ ఉంది. చీకట్లో పులి ఉంది. ఇద్దరూ ఒకటే." పిల్ల "మరి అరిసెలెవరు తిన్నారు నాన్నమ్మా?" అంది. దానికి ఏ ఉత్తర్వులోనూ జవాబు లేదు. నేను మళ్ళీ మొదటి నుంచి, పొయ్యి వెలిగించి చెప్పాను.

ఇంతలో సంస్థలోని గణాంకాల విభాగం ఒక సంగతి కనిపెట్టింది. పుస్తకంలో అక్షరాలు తగ్గేకొద్దీ చదివే పేజీలు పెరుగుతున్నాయి. ముప్పై ఒక్క మాటలున్న పుస్తకానికి పట్టికలో ఒక మధ్యాహ్నం పడితే, ఏడు మాటలున్న పుస్తకానికి పావుగంట పట్టింది. ఒకే మాటున్న పుస్తకం వచ్చింది. ఆ మాట "ఆ". అది అయిదు నిమిషాలు. అభ్యాసకుడి ప్రగతికి అడ్డొస్తున్నది అక్షరమేనని తేలిపోయింది.

ఇక ఆగేదేముంది? ఆషాఢం వచ్చేసరికి చివరి పుస్తకం దిగింది. మూడు వందల పేజీలు. అన్నీ నలుపే. లోపల అక్షరం లేదు, బొమ్మ లేదు, అట్ట మీద పేరు కూడా నలుపు మీద నలుపే. నిశితగారు దాన్ని రెండు చేతులా పట్టుకుని, "ఇందులో అన్ని కథలూ ఉన్నాయి," అంది కళ్ళనీళ్ళతో. నేను తిరగేసి చూశాను. అరిసె కనబడలేదు.

దాంతోనే ఊరి మొత్తానికీ పరీక్ష పెట్టారు. మా చదువు కేంద్రానికి ఎన్నడూ రానివాళ్ళని కూడా పిలిచారు. అందరూ పేజీలు తిప్పారు, అందరూ గట్టెక్కారు. చివరికి ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికొచ్చారు. వసారాలో మంచం మీద మా అత్త ఉంది. తొంభై దాటిన మనిషి. రెండు కళ్ళకీ పొరలు కమ్మి పదేళ్ళయింది.

"ఆవిడకి చూపు లేదండి," అన్నాను.

"మినహాయింపులు లేవు," అన్నారు కోదండపాణి గారు. పుస్తకం మా అత్త ఒళ్ళో పెట్టారు. ఆవిడ వేళ్ళతో నాలుగు పేజీలు తడిమింది.

"ఏముందర్రా ఇందులో?"

"మీరే చెప్పాలమ్మా. మీకేమి కనిపించుచున్నది?"

"నాకు రోజూ కనిపించేదే," అంది మా అత్త.

కోదండపాణి గారు కలం తీశారు. నిశితగారు ఆవిడ కాళ్ళకి దండం పెట్టింది. ఆ మాటని ఉత్తమ గ్రంథ విమర్శగా రాసుకున్నారు. జిల్లా మొత్తం మీద మొదటి మార్కు మా అత్తకే వచ్చింది.

పుల్లేటిలంక నూటికి నూరు శాతం అక్షరాస్య గ్రామమైంది. సభ పెట్టారు. సరిగ్గా మా ఇంటి ముందు, రోడ్డు వైపు, రెండు ఇనప గొట్టాల మీద రేకు బోర్డు నిలబెట్టారు. ముసుగు తీశారు. నేను కూడబలుక్కున్నాను.

"సంపూర అకరాస గామం."

రేకు వెడల్పు తక్కువ కొలత ఇచ్చారట. పెయింటరు పై వరస రాసేసరికి కింద ఒత్తులకి చోటు చాలక, అంచు దగ్గర ఆపేశాడు. సభలో ఎవరూ గమనించలేదు. పుస్తకాలు బాగా చదివి ఉన్నారు కదా.

పేర్లు పిలిచి పత్రాలు ఇచ్చారు. "శ్రీమతి గుతుల పలాలమ, భర్త కీర్తిశేషులు అపన!"

నేను లేవలేదు. నూకాలు డొక్కలో పొడిచింది. "వెళ్ళక్కా, నిన్నే. తేలిపోయావ్, చూడు."

వెళ్ళి చెప్పాను. "ఇది నా పేరు కాదండి. అది ఆయన పేరూ కాదండి."

కోదండపాణి గారు హాజరు పట్టీ తెప్పించారు. "ఈ సంతకము మీదేనా? మీ స్వహస్తములతో గుతుల పలాలమ అని చేసినారు. భర్త పేరు గడిలో అపన అని మీరే వ్రాసినారు."

"ఒత్తులు రాక అలా రాశానండి. నేర్పండి, సరిగ్గా రాస్తాను."

"అది ఇక అసాధ్యమమ్మా. గ్రామములో నిరక్షరాస్యులు లేరు. కావున రేపటి నుంచి కేంద్రము మూసివేయబడును."

కేంద్రం ముయ్యకుండా ఉండే దారి లేదా అని అడిగాను. ఆయన నియమావళి తిరగేశారు. ఉందిట. ఊళ్ళో ఒక్కరైనా నిరక్షరాస్యులు ఉన్నట్టు తేలితే కేంద్రం తెరుస్తారు. దానికి సదరు నిరక్షరాస్యుడు, తనకు చదువు రాదని, తన సొంత దస్తూరీతో అర్జీ రాసుకోవాలి.

"అర్జీలో అక్షరదోషములు ఉండరాదు," అన్నారు. "ఉన్నచో తిరస్కరింపబడును."

నిజం చెప్పొద్దూ, ఆయన ఆ మాట అంటుంటే మొహంలో వెటకారం లేదు. నియమం అలా ఉంది, ఆయన అలా చదివారు. ఒకవేళ నవ్వి ఉంటే నేను ఇంటికెళ్ళి ఏడ్చేదాన్నేమో. నవ్వలేదు కాబట్టి, సరే రాస్తానన్నాను.

కేంద్రం మూశారు. కొబ్బరికాయలు మళ్ళీ మధ్యలోకి వచ్చాయి. హైమని ప్రధాన కార్యాలయంలో నల్ల పేజీలు లెక్కపెట్టే పనిలో వేశారు. ఆ పిల్ల ఆదివారం పూట పడవెక్కి వచ్చింది, ఎవరూ పిలవకుండానే.

"పుస్తకం ఎలక కొట్టలేదు కదా?" అంది వస్తూనే.

బియ్యం డబ్బా అడుగు నుంచి తీశాను. ముప్పై ఒకటో పేజీ.

ఆ రోజు మా ఇంట్లో అరిసెలు. నిజానికి అరిసెలకి వేళ కాదు, మనవరాలు పులి కథ విని విని గొడవ పెడితే చేశాం. నూకాలు పొయ్యి దగ్గర, నేను చెక్కల దగ్గర. హైమ పిండి చల్లిన పళ్ళెం నా ముందు పెట్టి, "ప రాయండి," అంది. రాశాను. "దాని కిందే ఇంకో ప ఉంది. కానీ చోటు లేదు. ఏం చేస్తారు?"

నేను చేతిలో చెక్కల వైపు చూశాను.

"ఒత్తుతాను," అన్నాను.

"అంతే. పలికేటప్పుడూ అంతే. పెదాలు ఒత్తి వదలండి. ప్ప."

రెండేళ్ళుగా ఒత్తు అంటే ఏదో పెద్ద చదువనుకున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే. పిండి మీద వేలితో నెమ్మదిగా రాశాను. అ. ప, దాని కింద ఒత్తు. న, దాని కింద ఒత్తు.

అప్పన్న.

నూకాలు అట్లకాడ పట్టుకునే వచ్చి వంగి చూసింది. తర్వాత, "బావగారికి ఇప్పుడు తూకం వచ్చింది," అంది.

"ఏం రాసిందే?" అంది మంచం మీంచి మా అత్త.

"నీ పెద్దకొడుకు పేరత్తా. అప్పన్న," అంది నూకాలు.

మా అత్త ఆ మాట వచ్చిన వైపు మొహం తిప్పింది. "ఇంకోసారి చదవండర్రా," అంది. నూకాలు మళ్ళీ చదివింది. మూడోసారి మనవరాలు చదివింది. అరిసెలు ఒక వాయి మాడిపోయింది.

నాలుగు ఆదివారాలు ఒత్తాను. అయిదో ఆదివారం అర్జీ రాశాను. "అయ్యా, నాకు చదువు పూర్తిగా రాదు. మా కేంద్రాన్ని మళ్ళీ తెరిపించవలసిందిగా ప్రార్థన" అని మొదలుపెట్టి పేజీ నిండా రాసి, కింద పేరు, ఆయన పేరు పెట్టాను. హైమ రెండుసార్లు చదివి, ఒక్కచోట కూడా దిద్దలేదు.

నెల తిరిగేసరికి జవాబొచ్చింది. మొదటిసారి నా పేరున వచ్చిన ఉత్తరం నేనే చదువుకున్నాను.

"శ్రీమతి గుతుల పలాలమ గారికి. తమరి దరఖాస్తు క్షుణ్ణముగా పరిశీలించడమైనది. అందు నలుబది మూడు ఒత్తులు ప్రయోగింపబడినవి, అన్నియు సక్రమముగా ఉన్నవి. కావున తమరు నిరక్షరాస్యులనుట అవాస్తవము. మరియు, దరఖాస్తుదారు పేరు పల్లాలమ్మ అని కనబడుచున్నది. ఆ పేరు గలవారు మా దస్త్రములలో లేరు. ఈ రెండు కారణములచేత తిరస్కరించడమైనది."

నూకాలు వాకిట్లో కూలబడి నవ్వింది. "నీకు చదువొచ్చంటారు, నువ్వు లేవంటారు! అంటే చదువు రాగానే మాయమైపోయావక్కా!"

నాకు మాత్రం కోపం రాలేదు. ఒత్తులు నలభై మూడని నాకు తెలియదు. ఎవరో కార్యాలయంలో కూర్చుని, నేను రాసిన ప్రతి ఒత్తు మీదా వేలు పెట్టి లెక్కేశారు. అన్నీ సక్రమమే అన్నారు. ఇంతకన్నా పత్రం ఏం కావాలి?

ఆ సాయంత్రం ఎర్రరంగు డబ్బా, కొబ్బరి పీచు కుంచె పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళాను. నూకాలు పీట పట్టుకుంది.

"జాగ్రత్తక్కా. పడితే సంపూర్ణంగా పడతావు."

బోర్డు కింది అంచుకి ఒక చెక్క కట్టి, దాని మీద ఒత్తులన్నీ రాశాను. ర కింద ణ ఒత్తు. క కింద ష ఒత్తు. స కింద య ఒత్తు. గ కింద ర ఒత్తు. చివరిది పెడుతుంటే మా మనవరాలు కిందనుంచి, "నాన్నమ్మా, అది గ్ర్ర్ర్ లోది!" అని అరిచింది. నిజమే. పులికి నేనే నోరు విడిపించినట్టయింది.

ఇప్పుడు ఆ బోర్డులో తప్పు లేదు. అబద్ధం ఉంటే ఉండొచ్చు, అది సంస్థవారి సంగతి. మిగతా తొమ్మిది మందీ ఆదివారం మా వసారాకే వస్తున్నారు. ముప్పై ఒకటో పేజీ చేతులు మారీ మారీ అంచులు నలిగింది. కోదండపాణి గారికి తెలిస్తే ఇది ఏ లక్ష్యంలోకి వస్తుందో నాకు తెలియదు. ఎవరైనా వస్తే అరిసెలు పెడతాం, వాయి దిగేదాకా కూర్చోమంటాం.

ఇట్లు,
గుత్తుల పల్లాలమ్మ,
భర్త కీర్తిశేషులు గుత్తుల అప్పన్న,
వయసు అరవై మూడు,
ఉంటున్నది పుల్లేటిలంకలో, ఒత్తులున్న బోర్డు వెనక ఇల్లు.